సర్కారుకూ ఒక సరిహద్దు రాయి

చిరంజీవి మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. ఆస్తి హక్కు కోసం వాదించేవాళ్లంతా ఆస్తిపరులే కదా తాతయ్యా, ఏమీ లేనివాడికి ఆ హక్కుతో పనేమిటి అని అడిగావు. న్యాయశాస్త్రం చదివే పిల్లకు రావలసిన అనుమానమే. నా మాట ముందే చెప్పేస్తాను. ప్రభుత్వానికి హద్దు లేకపోతే ముందు నష్టపోయేది పెద్ద ఆసామి కాదు, ఎకరం అరెకరం ఉన్నవాడు. పెద్దవాడికి మంచి వకీలు దొరుకుతాడు, హైదరాబాదులోనో అమరావతిలోనో మాట సాయం చేసేవాడు ఉంటాడు. చిన్నవాడికి ఉన్నదల్లా ఒక పాసుపుస్తకం. ఆ పుస్తకానికి సర్కారు ముందు కూడా విలువ ఉండాలనటమే నేను నమ్మిన మితవాదం. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను, ఓపిగ్గా చదువు.

మీ పాఠాల్లో లాక్, బర్క్ పేర్లు వస్తాయి. మనిషికి తన ఒంటి మీద హక్కు ఉన్నట్టే ఆ ఒంటి కష్టం కలిసిన నేల మీద కూడా హక్కు పుడుతుందనీ, దాన్ని కాపాడటానికే ప్రభుత్వం ఏర్పడిందనీ లాక్ అన్నాడు. చెమటోడ్చి మెట్ట బాగుచేసుకున్న రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బర్క్‌ను మాత్రం ఫ్రెంచి విప్లవాన్ని తెగడిన మనిషిగానే చూపించి వదిలేస్తారు. ఆ పుస్తకం 1790లో వచ్చింది. అంతకు ముందే, 1785లో, ఆర్కాటు నవాబు అప్పుల మీద ఆయన బ్రిటిష్ పార్లమెంటులో సుదీర్ఘంగా మాట్లాడాడు. ఈస్టిండియా కంపెనీ మనుషులు నవాబుకు వడ్డీలకు అప్పులిచ్చి, ఆ బాకీలు తీర్చుకోవటానికి ఆర్కాటు సీమ రైతుల శిస్తుకు ఎసరు పెట్టారని నిలదీశాడు. మన నెల్లూరు సీమ అప్పటికి ఆ నవాబు ఏలుబడిలోనిదే. అడిగేవాడు లేని అధికారం పారిస్ వీధుల్లో ఉన్నా, మద్రాసు కోటలో ఉన్నా ఆయనకు ఒకటే. ఆ చూపు పట్టుకో.

ఇక మన దగ్గరికి వద్దాం. నిడుబ్రోలు రైతు నాయకుడు రంగా గారి పేరు నువ్వు విన్నదే. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చి, వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలబడ్డారు. సొంత ఊళ్లో రైతుబిడ్డల కోసం విద్యాలయం పెట్టారు. జమీందారీలు పోవాలని జీవితమంతా కొట్లాడిన మనిషి. అలాంటి ఆయనే 1959లో కాంగ్రెస్ వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. చాలామంది దీన్ని పిల్లిమొగ్గ అన్నారు. నేను ఒప్పుకోను. జమీందారు హక్కు కష్టం నుంచి పుట్టింది కాదు, కంపెనీ సర్కారు 1802 నుంచి ఉత్తర సర్కారులలో రాసిచ్చిన సన్నదు నుంచి పుట్టింది. సర్కారు ఒకడికి కట్టబెట్టిన పెత్తనాన్ని ఎదిరించిన మనిషి, ఆ పెత్తనాన్ని సర్కారే తన చేతుల్లోకి తీసుకోబోతే ఊరుకుంటాడా?

ఆయన్ను కదిలించింది 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ చేసిన తీర్మానం. ముందు సేవా సహకార సంఘాలు పెట్టి, తర్వాత భూములన్నీ కలిపి ఉమ్మడి సేద్యం చేయాలన్నారు. పేరుకు యాజమాన్యం రైతుదే ఉంటుంది, పంటలో భాగం వస్తుంది. రంగా గారి అభ్యంతరం సూటిగా ఉంది: ఏ పంట వేయాలో, ఎప్పుడు కోయాలో, ఎవరికి అమ్మాలో సంఘం తేల్చాక రైతు చేతిలో మిగిలేది కూలీ చీటీ. సోవియట్ యూనియన్‌లో సామూహిక సేద్యం పేరిట ఏం జరిగిందో అప్పటికే లోకానికి తెలుసు, చైనాలో కమ్యూన్లు అంతకు ముందు ఏడాదే మొదలయ్యాయి. ఉత్తరాదిన చరణ్ సింగ్ కూడా దీన్నే వ్యతిరేకించారు. చివరికి ఉమ్మడి సేద్యం మన పల్లెల్లో వేళ్లూనలేదు. రైతులు ఒప్పుకోలేదు, అంతే.

అసలు పోరు 17వ రాజ్యాంగ సవరణ మీద జరిగింది. దీన్ని కొంచెం ఆగి చదువు, ఎందుకంటే మీ పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్నగా పోతుంది గానీ మన జిల్లాల రైతుకు ఇది చావుబతుకుల సంగతి. 1951లో మొదటి సవరణతో తొమ్మిదో షెడ్యూలు పెట్టారు. అందులో చేర్చిన చట్టాన్ని ప్రాథమిక హక్కులకు విరుద్ధమని కోర్టు కొట్టేయకూడదన్నారు. అప్పుడు చేర్చినవి 13 చట్టాలు, అన్నీ భూసంస్కరణలవే. 31ఎ అధికరణం కింద రాజ్యం తీసుకోగల ‘ఎస్టేటు’ అంటే జమీందారీ, ఇనాము లాంటివి అన్న అర్థం ఉండేది. 1961లో కేరళ చట్టం మీద సుప్రీంకోర్టు, రైత్వారీ భూమి ఎస్టేటు కిందికి రాదని తేల్చింది. వెంటనే ప్రభుత్వం ఆ అర్థాన్నే మార్చటానికి పూనుకుంది. 1964లో వచ్చిన 17వ సవరణతో, ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టుకుని సొంతంగా సాగుచేసుకునే రైత్వారీ రైతు పొలం కూడా ఎస్టేటు అయిపోయింది. తొమ్మిదో షెడ్యూలులోకి ఇంకో 44 చట్టాలు చేరాయి, మన ఆంధ్రప్రదేశ్ 1961 సీలింగు చట్టంతో సహా. రంగా గారూ, స్వతంత్ర పార్టీకే చెందిన మసానీ గారూ పార్లమెంటులో దీన్ని గట్టిగా ఎదిరించారు. సవరణ ఆగలేదు. కానీ దానిలోనే ఒక మినహాయింపు చేరింది: సీలింగు లోపు ఉండి రైతు స్వయంగా సాగుచేసుకుంటున్న భూమిని రాజ్యం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. ఆ వాక్యం నేటికీ 31ఎ అధికరణంలో ఉంది. చట్టసభలో ఓడిపోయినవాళ్ల గొంతు వృథా పోదని చెప్పటానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మరో మూడేళ్లకు, 1967 ఫిబ్రవరి 27న, గోలక్‌నాథ్ కేసులో పార్లమెంటు ప్రాథమిక హక్కులను హరించజాలదని సుప్రీంకోర్టు 6–5 తేడాతో చెప్పింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువాడు కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1973లో కేశవానంద భారతి కేసు ఆ తీర్పును తిరగరాసినా, పార్లమెంటు అధికారానికి ఒక గట్టు ఉందన్న ఆలోచన మాత్రం మౌలిక స్వరూపం పేరుతో బతికింది.

ఆస్తి వేరు, స్వేచ్ఛ వేరు కదా అని నువ్వు అంటావు. పత్రికల సంగతి చూడు. పత్రికకు రాసే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చింది. కానీ అప్పట్లో అచ్చు కాగితం దిగుమతి, కోటా ప్రభుత్వం చేతిలో ఉండేవి. 1972–73 కాగితం విధానం పెద్ద పత్రికలను 10 పేజీలకు మించనివ్వలేదు. సుప్రీంకోర్టు 1972లో దాన్ని కొట్టేసింది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ విధించినప్పుడు ఢిల్లీలో పత్రికల అచ్చుయంత్రాలకు కరెంటు ఆపేశారు. ఎవరి నోరూ నొక్కనక్కర్లేదు. కాగితం, కరెంటు, పర్మిట్టు ఒకే చేతిలో ఉంటే చాలు. రాజాజీ లైసెన్స్ పర్మిట్ రాజ్ అని దేన్ని తిట్టారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఈ పక్షం చేసిన తప్పులు కూడా నీకు చెప్పాలి, దాచితే నేను నీకు పాఠం చెప్పినట్టు కాదు. స్వతంత్ర పార్టీలో రంగా గారి పక్కనే రాజాలు, మహారాణులు, మిల్లు యజమానులు చేరారు. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచిన పార్టీ 1971కి 8కి పడిపోయింది. ఇందిరా గాంధీ ప్రభంజనం ఒక కారణం. కానీ భూమి లేని మాల మాదిగ పల్లెలకు ఆ పార్టీ ఏం చెప్పిందని అడిగితే నా దగ్గర సంతృప్తికరమైన జవాబు లేదు. ఆస్తి స్వేచ్ఛకు పునాది అయితే, తరతరాలుగా ఆస్తి అందనివాడికి స్వేచ్ఛ కూడా అందనట్టే. ఆ మాట మితవాదులే అందరికంటే ముందు అనవలసింది. అనలేదు.

ఆ లోటు నీ తరం పూడ్చాలి. దారి ఎలా ఉంటుందో చూడు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను అమ్మకుండా 1977లో చట్టం వచ్చింది. మోసగాళ్లు లాక్కోకుండా చూడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ దాని నీడలో ప్రభుత్వమే ఆ భూమి కావాలన్నప్పుడు, అది నీది కాదు మేమిచ్చిందే అంటూ పట్టా భూమికన్నా తక్కువ పరిహారం చేతిలో పెట్టేది. 2004లో, అప్పుడు హైదరాబాదులో ఉన్న మన హైకోర్టు విస్తృత ధర్మాసనం అది కుదరదంది, పట్టాదారుతో సమానంగా ఇవ్వాలంది. ఆ కేసులో ఆస్తి హక్కు ఎవరిని కాచింది? పేదవాణ్నే.

1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తీసేసి 300ఎ అధికరణంలో పెట్టింది. ఎమర్జెన్సీ తర్వాత స్వేచ్ఛలు తిరిగిచ్చిన జనతా ప్రభుత్వమే ఆ పని చేయటం నాకు ఇప్పటికీ బాధ. అయినా ఆ చిన్న అధికరణం ఎంత పనికొస్తుందో 2020లో సుప్రీంకోర్టు చూపించింది. హిమాచల్ ప్రదేశ్‌లో చదువు రాని ఒక వితంతువు భూమిని 1967–68లో రోడ్డు కోసం తీసుకున్నారు. భూసేకరణ ప్రక్రియ జరపలేదు, పరిహారం ఇవ్వలేదు. ఆమె కోర్టుకెక్కితే, ఇన్నేళ్లు మా స్వాధీనంలో ఉంది కాబట్టి భూమి మాదే అని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. పౌరుల భూమిని ఆక్రమించి, ఆక్రమించినందుకే హక్కు పుట్టిందనటం రాజ్యానికి తగదని కోర్టు తిప్పికొట్టి పరిహారం ఇప్పించింది. అప్పటికి ఆమెకు 80 ఏళ్లు. నీ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉంది.

ఇప్పుడు నీకొక పని. 1949 సెప్టెంబరులో రాజ్యాంగ సభ ఆస్తి హక్కు మీద జరిపిన చర్చ మీ లైబ్రరీలో దొరుకుతుంది, ముందు అది చదువు. తర్వాత ఈ సెలవుల్లో మన మండలంలో రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షను కింది నిషేధిత జాబితా తీసి చూడు. అందులో సర్వే నంబరు చేరితే ఆ రైతు తన పొలం రిజిస్టర్ చేయలేడు, కూతురి పెళ్లికి అమ్ముకోలేడు. ఒక్క చిన్న రైతు నంబరు ఎంచుకుని, ఏ ఉత్తర్వుతో చేర్చారో, చేర్చే ముందు అతనికి నోటీసు వెళ్లిందో లేదో, తీయించుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో కనుక్కో. దొరికిందంతా నాకు రాసి పంపు. ఆ రైతు తరఫున అర్జీ ఎలా రాయాలో అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య