పోస్టల్ కోడ్‌ను కూడికల్లోకి లాగకండి

ప్రశ్న: మా అమ్మాయి సెలవుల్లో పైథాన్ నేర్చుకుంటోంది. రెండు సంఖ్యలు అడిగి కూడే ప్రోగ్రామ్ రాసింది. 2, 3 ఇస్తే 5 బదులు 23 వస్తోంది. తప్పెక్కడ?
– ఓ తల్లి, బుకిట్ పంజాంగ్, సింగపూర్

జవాబు: తప్పు కూడికలో లేదమ్మా, డేటా టైపులో ఉంది. వేరియబుల్ అంటే విలువకు మనం పెట్టుకునే పేరు. ఆ విలువ సంఖ్యా, అక్షరాల వరుసా అన్నది టైపు చెబుతుంది. పైథాన్‌లో 'ఇన్‌పుట్' ఏది తెచ్చినా అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగ్‌గానే తెస్తుంది. రెండు స్ట్రింగుల మధ్య ప్లస్ పెడితే అవి పక్కపక్కన అతుక్కుంటాయి. అందుకే 23. ముందు 'ఇంట్'తో ఇంటీజర్‌గా (పూర్ణసంఖ్యగా) మార్చి, తర్వాత కూడమనండి.

అలాగని అంకెలు కనబడ్డ ప్రతిదాన్నీ ఇంటీజర్ చేయకూడదు. మీ మెట్రో స్టేషన్ కోడ్ డీటీ1 స్ట్రింగేనని ఎవరైనా ఒప్పుకుంటారు. చిక్కంతా పోస్టల్ కోడ్‌తోనే. మీ పేటలో చాలావరకు 67తో మొదలవుతాయి గనక ఇబ్బంది తెలియదు. మెరీనా బే శాండ్స్‌ది 018956. దాన్ని ఇంటీజర్‌గా మారిస్తే ముందున్న సున్నా పోయి 18956 మిగులుతుంది. ఆరంకెల కోడ్ కాస్తా ఐదంకెలై, చిరునామా చెడిపోతుంది. లెక్కలు చేయనక్కరలేని అంకెల్ని స్ట్రింగ్‌గానే ఉంచాలి.

లెక్కలు చేయాల్సినవాటిలోనూ ఓ జాగ్రత్త: రైలు ఛార్జీలను డాలర్లలో దశాంశ సంఖ్యగా, అంటే ఫ్లోట్‌గా పెట్టవద్దు. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 చూపిస్తుంది. సెంట్లలోకి మార్చి ఇంటీజర్‌గా దాచమనండి. అనుమానం వచ్చిన చోటల్లా 'టైప్' ఫంక్షన్ వాడి చూడమని మీ అమ్మాయికి చెప్పండి.