కుంకుడురసం – కంటి మంట

తలంటు పోసేటప్పుడు "కళ్ళు మూసుకో!" అని అమ్మ హెచ్చరిస్తుంది కదూ! ఎందుకో ఒక చిన్న ప్రయోగంతో తెలుసుకుందాం.

పది కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసివేయండి. పెచ్చులను అర లీటరు వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిసికి, గుడ్డతో వడకట్టండి. ఒక సీసాలో సగం వరకు మంచినీళ్ళు, మరొక దానిలో అంతే కుంకుడురసం పోయండి. రెండింటిలోను ఒక్కొక్క చెంచా నువ్వులనూనె వేసి, మూత బిగించి బాగా కుదపండి. కొద్దిసేపటికి మంచినీళ్ళపై నూనె విడిగా తేలుతుంది. కుంకుడురసంలో మాత్రం సన్నని బిందువులుగా చెదిరి ఉంటుంది.

పెచ్చులోని సపోనిన్లే దీనికి కారణం. సపోనిన్ అణువులో ఒక భాగం నీటితోను, మరొక భాగం నూనెతోను కలుస్తుంది. అందుచేతనే తలలోని జిడ్డు నీళ్ళతోపాటు పోతుంది.

అయితే, జీవకణాల పైపొరలో కూడా కొవ్వు పదార్థమే ఉన్నది. సపోనిన్లు దానినీ దెబ్బతీయగలవు. చర్మానికి మృతకణాల పొర కవచంలా ఉంటుంది. కంటికి ఆ కవచం లేదు. అందుకే మంట!

రసం కంట్లో పడితే నలపకుండా మంచినీళ్ళతో చాలాసేపు కడగండి. మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. మిగిలిన రసాన్ని చేపలున్న నీటిలో పోయకండి. వాటి మొప్పలు దెబ్బతింటాయి.

చెట్టున కాసినంత మాత్రాన ఏదీ హానిలేనిది కాదని గుర్తుంచుకోండి.