ఎముక రాయి కావాలంటే

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి అటూ ఇటూ ఉన్న నేలను చదవడంలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. ఆసిఫాబాద్ వైపు ఎర్రమట్టి, సిరొంచ దగ్గరి సున్నపురాయి, సింగరేణి గనులు, కర్నూలు గుహలు నాకు బడులు. ఈమధ్య ఫోన్లో రాయి ఫొటో పంపి "సార్, ఇది రాకాసి బల్లి ఎముకేనా?" అని అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. అడగాలి, అడిగితేనే చదువు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. ఎలా బతికిందన్నది కాదు, ఎలా పూడిందన్నది చూడండి.

అడవిలో దుప్పి చచ్చిపోతే కొన్నాళ్లకు ఏం మిగులుతుంది? రేచుకుక్కలు, నక్కలు, రాబందులు, చీమలు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు తలా కాస్త పంచుకుంటాయి. మిగిలిన ఎముకలు ఎండకు పగిలి, వానకు నాని మట్టిలో కలిసిపోతాయి. భూమ్మీద పుట్టిన ప్రాణుల్లో దాదాపు అన్నిటి గతీ ఇదే. కుళ్లి చెదిరేలోపే ఒండ్రో, ఇసుకో, అగ్నిపర్వతపు బూడిదో వచ్చి కప్పేసినవాటికే శిలాజమయ్యే అవకాశం. ఆవకాయ ముక్క నూనెలో మునిగి ఉన్నంతకాలం బూజు పట్టదు. గాలి తగలనివ్వకపోవడమే అక్కడి కిటుకు, బురద చేసే పనీ అదే.

కాబట్టి శిలాజాలు వెతికేవాళ్లు ముందు పాత నదులు, పాత చెరువులు, పాత సముద్రాలు ఎక్కడ ఉండేవో వెతకాలి. కొండల మీద బతికిన జంతువులు మనకు చాలా అరుదుగా దొరుకుతాయి. అవి లేకపోలేదు, వాటిని పూడ్చే మట్టి అక్కడ లేదు. పాతకాలపు జీవుల గురించి మాట్లాడే ప్రతిసారీ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2. మట్టి కప్పాక నీటి పని మొదలవుతుంది.

ఎముకలో కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం ఒక భాగం, కొల్లాజెన్ అనే మాంసకృత్తు మరో భాగం. కాలం గడిచేకొద్దీ కొల్లాజెన్ పోతుంది. సన్నటి రంధ్రాలు, నాళాలు ఖాళీగా ఉండిపోతాయి. భూగర్భంలో నడిచే నీరు సిలికానో, కాల్సైట్‌నో, ఇనుమునో కరిగించుకుని వచ్చి ఆ ఖాళీల్లో దింపుతుంది. ఎముక బరువెక్కుతుంది. చెట్టు మానులోనూ ఇదే జరుగుతుంది. ఒక్కొక్క కణంలోకీ సిలికా చేరి, మాను మొత్తం రాయయ్యాక కూడా వలయాలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉంటాయి.

కొన్నిచోట్ల అసలు పదార్థం కరిగిపోతూ ఉంటే దాని స్థానంలోకి కొత్త ఖనిజం వస్తూ ఉంటుంది. గవ్వ పూర్తిగా కరిగిపోతే రాతిలో దాని అచ్చు మిగులుతుంది. ఆ అచ్చులోకి మళ్లీ ఖనిజం చేరితే గవ్వ ఆకారం ఉన్న పోత తయారవుతుంది, కానీ అందులో అసలు గవ్వ ముక్క ఒక్కటీ ఉండదు.

నీటి గుణం చాలా ముఖ్యం. ఆమ్లం ఎక్కువున్న నేలలో ఎముక కరిగిపోతుంది. సున్నం కలిసిన నీరు కాపాడుతుంది. బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వినప్పుడు ఎముకలు విస్తారంగా బయటపడ్డాయి. ఈ నేల మీద ఇప్పుడు లేని ఖడ్గమృగం ఎముకలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ గుహలు సున్నపురాతివి కావడం మన అదృష్టం.

3. నది చెదరగొడుతుంది, చెరువు పొందికగా దాస్తుంది.

ఈ పాఠం నాకు ప్రాణహిత లోయే నేర్పింది, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. సిరొంచ దగ్గర పోచంపల్లి అని ఒక ఊరుంది (చీరల పోచంపల్లి కాదు, ఇది మహారాష్ట్ర వైపుది). కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అక్కడ తవ్వితే ఒకేచోట 300 వరకు పెద్ద ఎముకలు దొరికాయి. అవి కనీసం ఆరు రాకాసి బల్లులవి. ఏ ఎముక ఏ జంతువుదో చెప్పలేనంతగా కలిసిపోయి ఉన్నాయి. వాటి పక్కనే రాయైపోయిన పెద్ద పెద్ద చెట్ల మానులు. మందనూ మానులనూ ఒకే వరద ఈడ్చుకొచ్చి పడేసిందని పరిశోధకుల అభిప్రాయం. ఆ చోటు చూస్తే నాకూ అదే నిజమనిపిస్తుంది. తవ్వకాలు జరిగిన కాలంలోనే 1961లో రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి వచ్చింది. ఆ గుర్తుగా ఈ జంతువుకు 1975లో బరపాసారస్ టాగోరై అని పేరుపెట్టారు.

నదికి ఇవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది కోటాసారస్. 1988లో పి. యాదగిరి దాన్ని లోకానికి పరిచయం చేశారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం దానిదే. అదీ కనీసం పన్నెండు జంతువుల ఎముకల నుంచి కూర్చినదే.

ఇప్పుడు ఈ రెండు జంతువులూ దొరికిన కోటా శిలల్లోనే ఉన్న సున్నపురాతి పలకలు తీసుకోండి. అందులో చేపలు పొలుసులతో సహా, రెక్క చెదరకుండా పడుకున్నట్టుంటాయి. ఆ చేపల వర్ణన 1851లోనే లండన్‌లో అచ్చయింది. కదలని నీరు, మెత్తటి సున్నపు బురద, అడుగున ప్రాణవాయువు తక్కువ. పీక్కుతినే జీవులు లేవు, దొర్లించే ప్రవాహం లేదు. అదే లోయ, ఇంచుమించు అదే కాలం, దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి జురాసిక్ యుగం. అయినా ఒకచోట చెల్లాచెదురు, మరోచోట నిండు దేహం. తేడా అంతా నీటి నడకదే.

4. తల దొరకలేదని నిరాశపడొద్దు.

బరపాసారస్‌కు పుర్రె దొరకలేదు, కోటాసారస్‌కూ దొరకలేదు. రెండింటికీ పళ్లు మాత్రం దొరికాయి. ఈ పొడుగుమెడ జంతువుల పుర్రె ఎముకలు పలచన, మెడకు పట్టు కూడా తక్కువ. ఊడి దొర్లిపోతుంది, పగిలిపోతుంది. పంటి మీది ఎనామిల్ శరీరంలోకెల్లా గట్టి పదార్థం, అది నిలుస్తుంది. అందుకే ఎర్రమట్టి నేల మీద నడిచేటప్పుడు పెద్ద ఎముక కోసం దూరంగా చూడకుండా, కాళ్ల దగ్గర మెరిసే చిన్న పంటి కోసం చూడమని విద్యార్థులకు చెప్పేవాణ్ని.

5. తిన్న తిండి కూడా శిలాజమే.

ఆసిఫాబాద్ ప్రాంతపు మాలేరి ఎర్రమట్టి ట్రయాసిక్ యుగానిది, కోటా కంటే పాతది. అక్కడ మొసలిని పోలిన పారాసూకస్ అస్థిపంజరాలు రెండు దొరికాయి. వాటి పొట్ట ఉన్నచోట మరో చిన్న సరీసృపం ఎముకలు కనిపించాయి. దానికి 1980లో శంకర్ ఛటర్జీ మాలేరిసారస్ అని పేరుపెట్టారు. వేటాడిన జంతువు కడుపే ఆ చిన్న ప్రాణికి గూడై కాపాడింది. అదే మట్టిలో రాయిగా మారిన పేడముద్దలు కూడా దొరుకుతాయి. వాటిని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఆనాటి మడుగులో ఎవరు ఎవరిని తిన్నారో ఆధారాలతో చెప్పవచ్చు. పాదముద్ర, పురుగు తొలిచిన బొరియ కూడా ఇలాంటి ఆధారాలే. ఎముక జంతువు చావును చూపిస్తుంది, ఇవి దాని బతుకును చూపిస్తాయి. నాకు ఇవే ఎక్కువ ఇష్టం.

6. ఆకు నల్లటి పొరగా మిగులుతుంది.

సింగరేణి బొగ్గు పొరల మధ్య ఉండే షేల్‌ను జాగ్రత్తగా చీలిస్తే నాలుక ఆకారపు ఆకు కనిపిస్తుంది. నడుమ ఈనె, అటూ ఇటూ వల అల్లినట్టు సన్నని ఈనెలు. అది గ్లాసాప్టెరిస్. 25 కోట్ల ఏళ్లు దాటినది. పైనున్న మట్టి బరువుకు ఆకులోని తడి, వాయువులు పోయి పలచటి కార్బన్ పొర మిగిలింది. ఇదే ఆకున్న రాళ్లు 1912లో అంటార్కిటికాలో, కెప్టెన్ స్కాట్ బృందం చనిపోయిన చోట వాళ్ల సామాను మధ్య దొరికాయి. మన నేలా ఆ మంచునేలా ఒకప్పుడు ఒకే ఖండంలో భాగాలని నమ్మడానికి ఇలాంటి ఆకులే బలమైన సాక్ష్యాలయ్యాయి.

7. పోలికను నమ్మవద్దు.

నాపరాళ్ల మీద చిన్న చిన్న చెట్ల కొమ్మల్లాంటి నల్లటి గీతలు చూసి ఫొటోలు పంపేవాళ్లు చాలామంది. అవి మొక్కలు కావు. పగుళ్లలోకి దిగిన నీటిలోని మాంగనీసు, ఇనుము అలా కొమ్మలుగా పేరుకుంటాయి. గుండ్రటి రాళ్లన్నీ గుడ్లు కావు.

8. వయసు చెప్పేది పక్కనున్న రాయి.

రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో నల్లరాతి పొరల మధ్య గవ్వల పొర ఉంది. పైనా కిందా ఉన్నది దక్కన్ లావా, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. లావా వయసును అందులోని రేడియోధార్మిక మూలకాలు చెబుతాయి. మధ్యలో చిక్కిన గవ్వల వయసు దాన్నిబట్టే తెలుస్తుంది. అదే గవ్వను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి బీరువాలో పెడితే వయసూ పోయింది, ఊరూ పోయింది.

9. అందుకే పెకిలించకండి.

పొలంలోనో, వాగు గట్టునో, క్వారీలోనో అనుమానం కలిగించే రాయి కనబడితే గడ్డపార దించొద్దు. గట్టిగా కనిపించే ఎముక లోపల వెయ్యి పగుళ్లతో ఉంటుంది. దాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్, గోనెగుడ్డ చుట్టి, చుట్టూ ఉన్న మట్టితో సహా తీయాలి. అది చేయి తిరిగినవాళ్ల పని. మీరు చేయాల్సింది ఇంతే. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. ఫోన్లో స్థలం గుర్తు పెట్టుకోండి. ఊరిపేరు, ఏ పొరలో ఉందో రాసుకోండి. హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే కార్యాలయానికో, దగ్గరి విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర విభాగానికో తెలియజేయండి. వర్షాకాలం వెళ్లగానే గట్లు కొత్తగా కోసుకుపోయి ఉంటాయి, అప్పుడే ఒకసారి నడిచి చూడండి. అప్పుడు బయటపడినవి వచ్చే వరదకు ఉండవు.