ఆ ఉల్లిపాయలు పిల్లల చేతికే ఇవ్వండి

చెల్లెళ్లూ, సైన్స్ ఫెయిర్ల రోజులొచ్చేశాయి. గాజువాకలో చూసినా, ఎంవీపీ కాలనీలో చూసినా స్టేషనరీ కొట్ల ముందు అమ్మలే. థర్మాకోల్ షీట్లు, రంగులు, మెరుపు కాగితాలు. ప్రాజెక్టు పిల్లది, అర్ధరాత్రిదాకా కత్తిరించి అంటించేది అమ్మ. పొద్దున్న పిల్ల నాలుగు ముక్కలు బట్టీ పట్టి జడ్జీలకి అప్పజెప్పి వచ్చేస్తుంది. దీని గురించే ఇవాళ మీతో మనసు విప్పి మాట్లాడాలనిపించింది.

ఈసారి కొట్టుకి వెళ్లొద్దు. రైతుబజారులో ఒకే రాశిలోంచి, ఒకే సైజువి ఓ ఆరు ఉల్లిపాయలు ఏరి పిల్ల చేతికివ్వండి. బళ్లో ఉల్లిపొర తీసి సూక్ష్మదర్శినిలో కణాలు చూస్తారు, పై తరగతుల్లో వేరు కొన కోసి కణ విభజన చూస్తారు. పాయ మొత్తం ఎలా బతుకుతుందో దగ్గర కూర్చుని చూసే పిల్లలు మాత్రం తక్కువ. పుస్తకంలో లశునం అని చదువుతారే, అందులో అసలు కాండం అడుగునుండే చిన్న గట్టి బిళ్ల. మనం తరిగే పొరలన్నీ ఆహారం దాచుకున్న ఆకుల మొదళ్లు. ఆ దాపుడు ఉండబట్టే మట్టి లేకపోయినా, అడుగు తడిసేలా గ్లాసు నీళ్లమీద కూర్చోబెడితే కొద్దిరోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి.

మన విశాఖకి తగిన ప్రశ్న ఉప్పు. సముద్రానికి దగ్గరగా ఉన్న పేటల్లో బోరు నీళ్లు ఉప్పదేలితే ఆ ఇంటి ఆడవాళ్ల అవస్థ ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మరి మొక్కల సంగతేమిటి? రెండు పాయలు మామూలు నీళ్ల మీద, రెండు లీటరుకి ఒక చెంచా ఉప్పు వేసిన నీళ్ల మీద, రెండు బీచి నుంచి సీసాతో తెచ్చిన నీళ్ల మీద పెట్టించండి. గ్లాసులు ఒకేలాంటివి, కిటికీ ఒకటే. మారేది ఉప్పొక్కటే కావాలి. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఉల్లి ఉప్పుకి ఏమాత్రం ఓర్చుకోని పంట. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే వేరు ఆ నీటిని లోపలికి లాక్కోలేదు. చుట్టూ నీళ్లున్నా దానికి దాహమే. చెంచా ఉప్పుకే వేళ్లు పొట్టిబడతాయి. పిల్ల స్కేలు పెట్టి కొలిచి, తేదీ వేసి రాసుకోవాలి. ఒక్కో రకానికి రెండేసి ఎందుకంటే, ఒక పాయ కుళ్లిపోతే నేరం ఉప్పుదో పాయదో తేల్చాలి కదా.

వెలుగు మీద ప్రయోగం చేయించండి, ఇంకా బావుంటుంది. ఒక పాయ కిటికీలో, ఒకటి మూతపెట్టిన అట్టపెట్టెలో. చీకట్లోది చచ్చిపోతుందని పిల్లలు ముందే రాసేసుకుంటారు. పెట్టె తెరిస్తే అది పాలిపోయిన పసుపు రంగులో, కిటికీలోదానికంటే పొడుగ్గా కూడా ఉండొచ్చు. “అమ్మా, తప్పొచ్చింది” అని పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంటుంది. అమ్మలూ, అక్కడే మీరు జాగ్రత్తగా ఉండాలి. దయచేసి కొట్టేసి సరైన జవాబు రాయించకండి. వచ్చిందే సరైన జవాబు. చీకట్లో మొలక వెలుగుని వెతుక్కుంటూ సాగుతుంది, అందుకయ్యే ఖర్చంతా పాయలో దాచుకున్న సొమ్మే. పాయని నొక్కి చూడమనండి, మెత్తబడి ఉంటుంది. ఆ ఒక్క మాట తనంతట తాను కనిపెట్టిన పిల్లకి మెడల్ రాకపోయినా నష్టం లేదు.

ఇంకో సంగతి. అమెరికాలో ఉన్న చెల్లెలో వదినో ప్రేమగా ఉల్లి విత్తనాల పాకెట్ తెస్తుంది. మన డాబా మీద వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, పాయ మాత్రం ఊరదు. నీళ్లు తక్కువయ్యాయని, ఎరువు చాలలేదని బాధపడతాం. కారణం పగటి పొడవు. ఉత్తర అమెరికాలో వేసే చాలా రకాలకి పగలు 14 గంటలైనా ఉంటేగాని పాయ కట్టదు. మన విశాఖలో జూన్ నెలలో వచ్చే అతి పొడుగు పగలు 13 గంటల 10 నిమిషాలు, అంతే. మన దేశవాళీ రకాలకి 11, 12 గంటలు చాలు. అందుకే కర్నూలు పొలాల్లో అంత పంట. మొక్క పగటి నిడివిని పసిగడుతుందని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చారు. పొగాకు, సోయా కుండీలని సాయంత్రం కాకముందే చీకటి షెడ్డులోకి చేర్చి తేల్చారు. మన పిల్లల అట్టపెట్టె ప్రయోగానికీ దానికీ పెద్ద దూరం లేదు.

ఘాటు కూడా నేలని బట్టే. ఉల్లి కోస్తే కళ్లు మండించేది గంధకం ఉన్న పదార్థం. నేలలో గంధకం తక్కువైతే ఘాటూ తక్కువే. అమెరికాలో జార్జియా రాష్ట్రపు విడాలియా ఉల్లి తియ్యగా ఉండడానికి అక్కడి మట్టి ఒక ముఖ్య కారణం. అట్లాంటాలో ఉన్న మనవాళ్లని అడగండి, పులుసులో వేస్తే చప్పగా ఉందంటారు. అదే గంధకం ఎరువుల తయారీ కోసం మన పోర్టులో ఓడల్లోంచి దిగుతుంది. పిల్లలకి ఈ ముడి విప్పి చెప్పండి. పోర్టుకీ పొలానికీ మన కంటి నీళ్లకీ ఉన్న సంబంధం వాళ్లు మరిచిపోరు.

1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతోంది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్యని తీసుకుని తమ భాషలోనే చెప్పొచ్చు. ఉప్పు నీళ్ల మీద ఉల్లి అంటే ఇంకేం కావాలి? ఇంగ్లీషు రాదని వెనక్కి లాగకండి.

టీచరమ్మలకీ ఒక విన్నపం. చార్టు అందం చూసి మార్కులు వెయ్యకండి. పిల్ల రాసుకున్న నోటుపుస్తకం అడగండి, అందులో కొట్టివేతలుంటే ఇంకో మార్కు ఎక్కువెయ్యండి. అమ్మలూ, మీరు ఆ గ్లాసుల్లో నీళ్లు మార్చడం గుర్తుచెయ్యండి చాలు. మిగతాది పిల్లని చెయ్యనివ్వండి.