పులితేన్పులు - పిల్లల ఉబ్బసము

మనము ఉబ్బసమనునది ఉర్దూలో ‘దమా’. ‘దమ్’ అనగా ఊపిరి. పేరులో కడుపు ప్రసక్తి లేదు. అయినను రాత్రివేళ పిల్లవాడు ఆయాసముతో లేచి కూర్చున్నపుడు ఇంటి పెద్దలు మొదట అడుగునది “ఏమి తిన్నావు?” అనియే. ఆ ప్రశ్న అర్థరహితము కాదు. ఉబ్బస రోగులు రాత్రి ఆయాసమునకు వెరచి పెద్ద భోజనమును మధ్యాహ్నమే ముగించుట నేర్చుకొందురని సుప్రసిద్ధ వైద్యుడు విలియం ఆస్లర్ ఏనాడో వ్రాసియుండెను.

అన్నవాహిక జీర్ణాశయములో కలియు చోట ఒక కండరవలయము కలదు. అది అకాలమున సడలినచో ఆమ్లము పైకి ఎగయును. ఆ ఆమ్లపు తుంపరలు కంఠము దాటి శ్వాసనాళములోనికి జారవచ్చును. జారకున్నను, అన్నవాహికకు, శ్వాసనాళములకు వేగస్ నాడి ఉమ్మడిది గనుక, ఒకచోటి మంటకు రెండవచోట నాళములు ముడుచుకొనవచ్చును.

చిక్కేమనగా, ఉబ్బసము కూడ ఆమ్లమును పైకి త్రోయగలదు. దగ్గు వలన ఉదరములో ఒత్తిడి పెరుగును. గాలి నిండి ఉబ్బిన ఊపిరితిత్తులు ఉదరవితానమును క్రిందికి నొక్కును. ఒకప్పుడు విరివిగా వాడిన థియోఫిలిన్ మందు ఆ కండరవలయమునే సడలించును. ఇక ఏది కారణము, ఏది కార్యము? తర్కము చదివిన విద్యార్థికి ఈ ప్రశ్న తోచును; మందుచీటీ వ్రాయువేళ మాత్రము తరచు మరుగున పడును.

2012లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయమును చక్కగా పరీక్షించినది. ఉబ్బసము అదుపులో లేక, పులితేన్పుల బాధ పైకి కనబడని 306 మంది పిల్లలను తీసుకొని, కొందరికి ఆమ్లమును తగ్గించు లాన్సొప్రజోల్, తక్కినవారికి మందులేని మాత్ర 24 వారములు ఇచ్చిరి. ఉబ్బసములో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. 115 మందికి అన్నవాహికలో ఆమ్లపరీక్ష చేయగా 43 శాతము మందిలో దోషము బయటపడినది. వారికిని ఆ మందు ఉబ్బసమును తగ్గింపలేదు. పైగా మందు వాడిన పిల్లలలో జలుబు, గొంతునొప్పి ఎక్కువైనవి.

గుండెమంట, మాటిమాటికి వాంతి గల బిడ్డ సంగతి వేరు; ఆ బాధకు చికిత్స కావలసినదే. తిన్న వెంటనే పడుకొనరాదను మాట అందరికిని మేలే. రమజానులో సహరీ ముగించి తిరిగి నిద్రించు మన విద్యార్థులకును ఇది వర్తించును. కాని ఇన్‌హేలర్ అలవాటై పోవునను భయముతో దానిని అటకెక్కించి, కడుపు మాత్రతో సరిపెట్టు తల్లిదండ్రులు కలరు. అట్టి ఇంట బిడ్డ శ్వాసనాళముల వాపు అట్లే ఉండును. మరునాటి రాత్రి మరల లేచి కూర్చుండును.