గుండెకు బెలూనా, కొత్త వాల్వా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మాయికి 19 ఏళ్లు. నాలుగడుగులేస్తే ఆయాసం. చిన్నప్పుడు కీళ్లు వాచేవి. మైట్రల్ వాల్వు మూసుకుపోతోందట. ఒకరు బెలూన్ చాలన్నారు, ఇంకొకరు వాల్వు మార్చాలన్నారు. ఎవరి మాట వినాలి?
— ఓ తల్లి, చర్ల మండలం

జవాబు: తేల్చేది ఎకో పరీక్షేనమ్మా. వాల్వు రెక్కలు మెత్తగా ఉండి, లీకు పెద్దగా లేక, గుండె గదిలో రక్తం గడ్డ లేకుంటే బెలూనే మేలు. తొడ దగ్గరి రక్తనాళం గుండా పంపి, అతుక్కున్న రెక్కల్ని విడదీస్తారు. ఛాతీ కోయరు. జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే 1982లో మొదలుపెట్టిన పద్ధతి. కొన్నేళ్లకు మళ్లీ సన్నబడొచ్చు. అయినా పెళ్లీడు పిల్లకు ఆ కొన్నేళ్లే ముఖ్యం. ఎందుకంటే లోహపు వాల్వు వేస్తే రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వాడాలి, గర్భంలో అది బిడ్డకు హాని చేయొచ్చు.

మార్చక తప్పదంటే, ముందు రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ రక్తపరీక్ష దగ్గర్లో ఎక్కడ చేస్తారో అడగండి. మైట్రల్ లోహపు వాల్వుకు సాధారణంగా అది 2.5–3.5 మధ్య ఉండాలి. మాత్ర ఆగితే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం కారుతుంది. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ చూసుకుంటుంది సరే, వాగులు పొంగినప్పుడు మాత్రలు తెచ్చేదెవరు? 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 43 అడుగుల మొదటి హెచ్చరికకు ముందే, వానలు మొదలవగానే, నెలకు సరిపడా తెచ్చిపెట్టుకోండి. ఈ మాత్ర వాడుతున్నా గోంగూర, తోటకూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకపోతేనే చిక్కు. ఇప్పసారా మాత్రం వద్దే వద్దు.

బెలూన్ చేసినా, వాల్వు మార్చినా మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఆపకూడదు. పలచబరిచే మాత్ర వాడుతుంటే ఆ సంగతి సూది వేసేవారికి ముందే చెప్పాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, జ్వరంతో గొంతు నొప్పి వచ్చినప్పుడు పీహెచ్‌సీలో చూపించండి. ఈ జబ్బుకు మూలం అలాంటి గొంతు నొప్పే.

ప్రశ్న: మా బావకు టీబీ. ఊపిరితిత్తి చుట్టూ చీము పడితే గొట్టం వేశారు. నెల దాటినా ఆగలేదు. ఆపరేషన్ అంటున్నారు. మాత్రలతో కరగదా?
— ఓ పాఠకుడు, ఎటపాక

జవాబు: పలచటి నీరైతే చాలామందికి మాత్రలతోనే పోతుంది. చీము గట్టిపడి తోలులాంటి పొర కట్టాక ఊపిరితిత్తి విచ్చుకోదు. ఆ పొరను ఒలిచేదే ఈ ఆపరేషన్. ఆలస్యమైనకొద్దీ కష్టం, ఛాతీ ఓ పక్కకు కుంగుతుంది. తర్వాతా టీబీ మాత్రల కోర్సు పూర్తి చేయాల్సిందే.

మరో మాట. భద్రాచలం మీకు పక్కనే అయినా, ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ మీకు వర్తించదు. బయల్దేరేముందే, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో చేస్తారో ఆ పథకం సిబ్బందిని అడగండి.