పాల రోగానికైనా, కంప్యూటర్ వైరస్‌కైనా మందు ముందే

ఈసారి పాఠం పురుగుల గురించి కాదు, ఇంట్లో ఉన్న కంప్యూటర్ గురించి. పిల్లల చదువుకని కొన్నదాన్నే గూళ్ల లెక్కలకు, సబ్సిడీ కాయితాలకు, బ్యాంకు పనికి కూడా వాడుతున్నం కదా.

నిరుడు మేము పెండ్లికని ముంబై కామాటిపురా పోయినం. నిజాం రాజ్యం నుంచి కూలికి పోయిన మన తెలుగు కామాటీల వల్లనే ఆ పేటకు ఆ పేరు. నంబర్ల గల్లీలు, చాళ్లు, ఒక్కో ఖోలీలో ఒక్కో సంసారం. మా చిన్నాయన కొడుకు అక్కడ రెడీమేడ్ బట్టలు కుట్టిస్తడు. బిల్లులకు ఒక పాత కంప్యూటర్ పెట్టుకున్నడు. అందులో యాంటీవైరస్ గడువు తీరి రెండేండ్లు. అడిగితే, "మాదేమన్నా బ్యాంకా అన్నా, ఈ డొక్కు కంప్యూటర్ల ఎవడు పడతడు?" అన్నడు.

పెండ్లి ఫొటోలు అతని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నం. దాన్ని గల్లీ చివర జిరాక్స్ షాపులో రోజూ పెట్టి తీస్తుంటరు. ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్ బొమ్మ మీద చిన్న బాణం గుర్తు కనపడ్డది. పట్టించుకోకుండా నొక్కినం. రెండు రోజుల్లో మా ఫోల్డర్లు కూడా అట్లనే షార్ట్‌కట్‌లయినయ్. మా విండోస్‌లో డిఫెండర్ ఉంది గానీ, ఒక దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కనిస్తలేదని మేమే దాన్ని ఆపేసినం. మెకానిక్ ఏమీ అడగకుండా ఫార్మాట్ కొట్టిండు. ఎన్ని గుడ్లు పెట్టినం, ఎంత దిగుబడి, ఏ రేటు పలికింది, మూడేండ్ల లెక్క పోయింది. తర్వాత తెలిసిందేమంటే, ఈ రకం వైరస్ మామూలుగా ఫైళ్లను చెరపదు, దాచిపెడుతుంది అంతే. మీకు ఇట్లా జరిగితే ముందు స్కాన్ చేయించండి, ఫార్మాట్‌కు ఒప్పుకోకండి.

పాల రోగం కూడా వైరస్ వల్ల వచ్చేదే. సోకిన పురుగు మొదట్లో మిగతావాటి లాగనే ఆకు మేస్తది. చర్మం పగిలి పాలు కారేసరికి పక్కవాటికి అంటుకుంటది. అప్పుడు ఏ మందూ పనిచేయదు. బ్లీచింగ్, సున్నం పంటకు ముందు కొట్టి ఉండాలె. కంప్యూటర్‌లో అట్లాంటిది రాన్సమ్‌వేర్. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతది. కట్టినా తాళం తీస్తరని నమ్మకం లేదు. 2017 మే 12న వన్నాక్రై అనేది 150కి పైగా దేశాల్లో ఇట్లనే పడ్డది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కినయ్. ఆ కంత మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వన్నాక్రై ఇది ఎవరిదని చూడలేదు, కంత తెరిచి ఉన్న చోటల్లా దూరింది. మా తమ్ముని ప్రశ్నకు జవాబు అదే.

మరి యాంటీవైరస్ ఏం చేస్తది? పెబ్రిన్ కోసం తల్లి చిలుకను మైక్రోస్కోప్ కింద చూసి, రోగం ఉంటే ఆ గుడ్లు పారేయాలని 1860లలో పాశ్చర్ చూపించిండు. గుడ్ల కేంద్రాల్లో ఇప్పటికీ అదే పద్ధతి. యాంటీవైరస్ కూడా ఫైలు తెరిచేముందే దాన్ని తెలిసిన వైరస్‌ల గుర్తులతో పోల్చి చూస్తది. కొత్తది అయితే దాని నడత చూసి ఆపుతది. కొత్త వైరస్‌లు రోజూ వస్తయి కాబట్టి అప్‌డేట్ ఆపితే అది సగం గుడ్డిదే.

విండోస్ 10, 11లో డిఫెండర్ ఉచితంగానే వస్తది, ఆన్‌లో ఉందో లేదో ఈ రోజే చూడండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెట్టకండి, ఒకదానికొకటి అడ్డం పడతయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో కంపెనీ మద్దతు ముగిసింది, వీలుంటే 11కి మారండి. లెక్కల కాపీ ఇంకో డిస్క్‌లో పెట్టి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి ఉంచండి. ఇక ఓటీపీ మీరే చెప్పేస్తే ఏ యాంటీవైరస్సూ కాపాడదు. ఫోన్‌కు పెండ్లి కార్డు అని ఏపీకే ఫైలు వస్తే నొక్కకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మొన్న తమ్ముడు ఫోన్ చేసిండు. వాళ్ల బిడ్డ ఇప్పుడు ప్రింట్లకు పెన్‌డ్రైవ్ తీసుకపోతలేదట, షాపుకు మెయిల్ పంపుతున్నదట. మేము పాత నోట్‌బుక్కులు వెతికి లెక్కలు మళ్లీ ఎక్కిస్తున్నం. రెండు బ్యాచ్‌లవి మాత్రం ఎక్కడా దొరకలేదు.